అరకులో మామగారి తద్దినం

అరకులో మేం అద్దెకు తీసుకున్న కాటేజీ వెనకనుంచే కొండమీదికి నడకదారి మొదలవుతుంది. సెలవుల మధ్యలో మామగారి తద్దినం రావడంతో, మా అత్తగారు వైదేహమ్మ అక్కడే వంట చేసి, దారి పక్క బండ మీద విస్తరి పరిచి మా ఆయన చేత అన్నం ముద్ద పెట్టించారు. కాకి ముట్టుకున్నాకే మేం తినాలి.

కొమ్మ మీద మూడు కాకులున్నాయి. అరుస్తున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. మధ్యాహ్నం రెండైంది. పిల్లలు ఆకలికి నీరసించిపోయారు.

"ఆయనకి నా మీద కోపమేదో ఉందమ్మా," అన్నారు అత్తగారు, కళ్ళొత్తుకుంటూ.

దుప్పట్లు మార్చడానికి వచ్చిన పనిమనిషి చిలకమ్మ విస్తరి చూసి ఆగిపోయింది.

"అవి తినవమ్మా. మిషన్ కాకులు. అసలువి పోయి సానా ఏళ్ళయింది. అడివిలో చప్పుడు లేకపోతే టూరిస్టులు భయపడతన్నారని పెట్టారు."

నేను అత్తగారి చెయ్యి పట్టుకున్నాను. "పోనీండి అత్తయ్యా. విశాఖలో మన కాకి ఉందిగా. పదకొండేళ్ళుగా పిలవగానే మేడ మీద వాలి తింటోంది. వెళ్ళాక దానికే పెడదాం."

చిలకమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. చెప్పాలా వద్దా అన్నట్టు కాసేపు దుప్పటి అంచు నలిపింది.

"తినే రకం టౌన్లకే ఇస్తారమ్మా," అంది.