కుడికాలి బూటు

"ఈ బూటు నేను కుట్ట," అన్నాడు పోశం.

గజాలా చాపిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. "గట్లంటవేంది కాకా? రేపు పొద్దుగాల జగిత్యాలల జిల్లా టీం సెలక్షన్. ముక్కు చినిగి వేలు బయటికస్తున్నది. కొత్తవి కొందామంటే దుకాన్లన్ని బందాయె."

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలైంది. కోరుట్లలో బడికి తాళం, బస్సులు డిపోలో. ఆ రోజు బంద్ కూడా కావడంతో రోడ్డు మీద కుక్కలు కాళ్లు చాపి పడుకున్నాయి. చెప్పులు కుట్టే పోశం మాత్రం ఎప్పటిలాగే బడి మైదానం గేటు పక్కన గొడుగు కింద కూర్చున్నాడు.

"మీ కనకయ్య సారు కాడికి పోయినవా?"

"పోయిన. బాల్ స్పీడ్ పోతలేదు, ఒక్కసారి చూడుండ్రి సార్ అన్న. 'ఆట చెప్పుడు నా డ్యూటీ బిడ్డా. డ్యూటీ చేస్తే సమ్మె ఇడిసినట్టే' అన్నడు." ఆమెకు సాఫ్ట్‌బాల్ బంతిని వేళ్ల మధ్య ఎట్లా పట్టుకోవాలో నేర్పిందే ఆ పీఈటీ సారు. ఎన్నడూ కాదనని మనిషి.

పోశం బూటును వెల్లకిలా తిప్పి బొటనవేలితో అడుగంతా తడిమాడు.

"స్పీడ్ పోతలేదా? ఎట్ల పోతది? గీ వేలి కింద చూడు, కొత్త బూటు లెక్కనే ఉన్నది. ముక్కేమో ఎనిమిది దినాలల్ల అరిగిపాయె. అంటే నువ్వు నేలను తన్నుతలేవు. ముందటి కాలు ఏసి, ఎన్క కాలును బస్తా గుంజినట్టు గుంజుతున్నవు. బలమంత నేలనే తింటే బంతికేం మిగుల్తది?"

గజాలా నోరు తెరిచింది. "నీకెట్ల తెల్సు కాకా?"

"పదేండ్ల సంది గీ గేటు కాడనే ఉన్న. పొద్దంత మీ ఆట చూస్త, పొద్దుమీకి మీ బూట్లు చూస్త. తొడుగు."

ఆమెను రోడ్డు మధ్యలో నిలబెట్టాడు. ఆమె ఎత్తంత దూరం కొలిచి, అక్కడ ఒక తోలు పట్టీ అడ్డంగా పరిచాడు. "ముందటి కాలు గిది దాటాలె."

గజాలా చెయ్యి గిర్రున తిప్పి విసిరింది. ఎడమ కాలు పట్టీకి జానెడు ఇవతలే పడింది. బంతి ఎదురుగా ఉన్న ప్రహరీ గోడకు మెత్తగా తగిలింది.

"చెయ్యితోని ఇసురుతున్నవు. చెయ్యి ఉత్తగ తిరుగుతది బిడ్డా, పనంత కాలుదే."

"దుంకాల్నా? రెండు కాళ్లు లేస్తే ఫౌలంటరు కాకా."

"దుంకకు. బురదల దిగబడ్డ బండిని నెడ్తవు సూడు, గట్ల నేలను ఎన్కకు నెట్టు. నెట్టినంక బొటనవేలు నేలను ఇడవద్దు. కానీ బరువు దాని మీద ఉంచకు. ముగ్గు గీసినట్టు తాకుకుంట రావాలె."

రెండు, మూడు, నాలుగు. కాలు పట్టీని తాకింది, కానీ ముందు మోకాలు కుంగిపోయింది. "తలుపుకు గడియ ఏసినట్టు నిలవాలె గా కాలు!" అని అరిచాడు పోశం. ఆయన నడుముకు కట్టుకున్న తువ్వాల ఎప్పుడో జారి కింద పడింది. చూసుకోలేదు.

ఏడో బంతికి గజాలా కాస్త వెనక్కి ఊగి, కుడికాలి వేళ్లతో రోడ్డును ఒక్క నెట్టు నెట్టింది. ఒళ్లంతా ముందుకు దూసుకుపోయింది. ఎడమ కాలు పట్టీ దాటి పాతుకున్నట్టు నిలిచింది. తొడ పక్కనుంచి బంతి ఎప్పుడు వెళ్లిందో ఆమెకే తెలియలేదు. గోడ ధన్‌మంది. మూల మీద కునుకుతున్న ఇద్దరు కానిస్టేబుళ్లు లాఠీలు పట్టుకుని లేచి నిలబడ్డారు.

"శాబాష్ బిడ్డా!" పోశం చప్పట్లు కొట్టాడు. "ఇగ నిన్ను ఆపేటోడు జిల్లాల లేడు!"

గజాలా ఊపిరి అందక నవ్వుతూ మళ్లీ బూటు విప్పింది. "ఇప్పుడన్న కుట్టు కాకా."

పోశం చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"కుట్ట బిడ్డా. సకల జనుల సమ్మె అన్నరు. సకల జనులల్ల నేను లేనా?"

మెడ నిటారుగా పెట్టి అడిగాడు. రోజూ చూసే మనిషిని గజాలా అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది.

"రందివడకు," అన్నాడు ఆయన. "చౌరస్తాల సమ్మె టెంటు కాడికి పో. నా సామాన్ల పెట్టె గాడనే ఉన్నది. నిరసనకని ఒకాయన రోడ్డు మీద కూసోని కుడుతున్నడు. కుట్టు వంకరస్తది గానీ గట్టిగ ఏస్తడు."

ఒంటి బూటుతో కుంటుతూ పరుగెత్తింది. టెంటు ముందు జనం గుమిగూడారు. అందరి చేతుల్లో తెగిన చెప్పులు. వాళ్లను తోసుకుని ముందుకు వెళ్తే నేల మీద ఒక మనిషి, దారం పళ్లతో పట్టుకుని, వేలికి గుచ్చుకున్న తోలు కుట్టే ఆరెను లాగుకుంటూ కనిపించాడు. ఆయన తలెత్తాడు.

"తే బిడ్డా బూటు," అన్నాడు కనకయ్య సారు. "చెప్పులు కుట్టుడు నా డ్యూటీ కాదు గద!"