నవాబు కారు ముందుభాగం

బ్రేకు తొక్కితే కారు ఆగలేదు. డానియేలు నడిపే మెకానిక్ షెడ్డులోంచి అది బయటికి దూసుకొచ్చి, సందు దాటి, ఎదురుగా ఉన్న ఎల్లమ్మ పాల కొట్టంలోకి దూరి, బర్రె ముందున్న కుడితి తొట్టిని గుద్ది ఆగింది.

"అయ్యో, నా నవాబు కారు!" అంటూ సోమశేఖర్ దిగాడు. బర్రె బతికుందా లేదా అన్నది ఆయన చూడలేదు.

డెబ్బై ఏళ్ల నాటి బండి అది. పైకప్పు కోసేసి, పెద్ద ఇంజను ఎక్కించి, ముందు మడ్‌గార్డులు పీకేసి ఎర్రరంగు పూశారు. అలాంటిదాన్ని హాట్ రాడ్ అంటారట. ముందు చక్రాలు మాత్రం కప్ప కళ్లలా బయటికి పొడుచుకొని ఉంటాయి. రేపు పొద్దున పాత కార్ల ఊరేగింపు. "నవాబు ఎక్కిన కారు, రేపు నేనే నడుపుతా" అని సోమశేఖర్ ఆఫీసులో పై అధికారి దగ్గర్నుంచి అత్తగారింటి దాకా చెప్పుకొచ్చాడు. బ్రేకు పడని బండిని అక్కడ గేటు కూడా దాటనివ్వరు.

ముగ్గురూ చెమటలు కక్కుతూ కారును మళ్లీ షెడ్డులోకి తోశారు. మూడోవాడు కొండల్. చాంద్రాయణగుట్టలో బ్రేకుల ఉస్తాదంటే ఆయనే.

"లోపల రబ్బర్లు పోయినయ్ అన్నా," అన్నాడు డానియేలు. "కొత్తయి ఎయ్యాలె. గని ఏ బండియి ఎయ్యాలె? ముందర దిక్కున్నది ఈ కారు సామానే కాదు."

"నవాబు కారుకు వేరే సామాను ఎందుకుంటది?" అన్నాడు సోమశేఖర్.

"నవాబునే అడిగి రాపో."

కొండల్ చక్రం లోపలి బ్రేకు డ్రమ్మును సుత్తితో కొట్టి చెవి ఆనించి విన్నాడు. గ్రీజు వాసన చూశాడు. "మిలట్రీ జీపుది," అన్నాడు. జీపు రబ్బరు తెచ్చి పెడితే వదులైంది. "అయితే లారీది," అన్నాడు. లారీ రబ్బరు అసలు దూరనే లేదు. "అయితే విలాయతీది," అన్నాడు. తెలియనిదంతా విలాయతీదే కదా.

అప్పుడొచ్చింది ఎల్లమ్మ, చేతిలో బర్రెను తోలే కర్రతో. డెబ్బై దాటినా గొంతు తగ్గలేదు.

"మీ కండ్లేమన్న దొబ్బినయా? నా బర్రె సూడిది. భయపడి ఈనితే బారసాల మీరు జేస్తరా?"

"అవ్వా, జర ఆగు. మా లొల్లి మాకుంది," అన్నాడు డానియేలు. "ఈ బ్రేకు ఏ బండిదో తెల్వక చస్తున్నం."

ఎల్లమ్మ తిట్టబోయి ఆగింది. వంగి చక్రం వైపు చూసింది. కర్ర కొసతో బండి బరువు మోసే కమాన్ పట్టీని పొడిచింది.

"ఎడమ దిక్కు ఇప్పు," అంది.

"నీకెందుకే అవ్వా?"

"ఇప్పు బిడ్డా. లోపల ఓ స్ప్రింగు దానిది గాదు. సైకిల్ స్టాండుకుండే స్ప్రింగు."

నవ్వుతూనే విప్పాడు డానియేలు. విప్పాక నవ్వు ఆగిపోయింది. లోపల తుప్పుపట్టిన సైకిల్ స్టాండు స్ప్రింగు!

"కుడి దిక్కు యాక్సిల్ మీద రంగు గీకు. మూడు వెల్డింగు మచ్చలుంటయ్."

గీకారు. మూడే ఉన్నాయి.

"కమాన్ పట్టీలు ఇప్పుర్రి. నడుమల తోలు ముక్కలుంటయ్. పాత చెప్పువి."

పట్టీలు విప్పారు. చెప్పు ముక్కలు రాలాయి. కొండల్ నాలుగడుగులు వెనక్కి వేశాడు. "ఆషాఢం గదన్నా, బోనాల దినాలు," అన్నాడు గుసగుసగా. "ఆమె గాదు మాట్లాడేది. అమ్మవారు పలుకుతాంది." ఎక్కడ దొరికిందో ఒక నిమ్మకాయ తెచ్చి కారు బానెట్ మీద పెట్టాడు. ఆదివారమైతే చర్చి తప్పని డానియేలు కూడా, ఎందుకైనా మంచిదని టోపీ తీసి చేతులు జోడించాడు.

"తల్లీ, ఇంతకూ ఇది ఏ బండిది?" అడిగాడు సోమశేఖర్.

"గీ మురికిల ఏం గానొస్తది? అన్ని ఇప్పుర్రి. గ్యాసునూనెతోని కడుగుర్రి. అప్పుడు చెప్త."

ఇక చూడాలి ముగ్గురి హడావుడి. జాకీలెత్తారు, ఇటుకలు పేర్చారు. చక్రాలు, డ్రమ్ములు, యాక్సిల్, కమాన్లు, స్టీరింగు రాడ్లు, అన్నీ ఊడొచ్చాయి. కొండల్ ఒక్కో ముక్కను కిరోసిన్ పోసి, పాలతో అభిషేకం చేసినట్టు కడిగాడు. సోమశేఖర్ కొత్త చొక్కాతోనే తుడిచాడు. సాయంత్రానికల్లా ముందుభాగమంతా తార్పాలిన్ మీద తళతళలాడుతోంది. ఎల్లమ్మ చుట్టూ తిరిగి చూసి, "నట్లు సుత రెండు డబ్బాలల్ల ఎయ్యుర్రి, పోతయ్," అంది. వేశారు.

సోమశేఖర్ తార్పాలిన్ అంచున మోకాళ్ల మీద కూర్చున్నాడు. పూనకం వచ్చినవాళ్ల కోరిక అడక్కుండా పంపకూడదని కొండల్ చెవిలో ఊదాడు మరి.

"నీకేం గావాల్నో అడుగు తల్లీ. కాదంటే నా తల మీద ఒట్టు. ఏ బండిదో ఒక్కమాట చెప్పు, రేపు ఊరేగింపుకు పోవాలె."

ఎల్లమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నాకు అమ్మ పూనలేదు, అయ్య పూనలేదు కొడుకా. గిది మా పాల వ్యానుది, గా స్ప్రింగు, గా చెప్పు ముక్కలు మేం పెట్టిచ్చినయే. ముప్పై ఏండ్ల కింద మా వాకిట్ల నుంచే దొంగలెత్తుకపోయిర్రు. మంచిగ కడిగిర్రు గని, ఇగ ముందర దిక్కు మోసుకొచ్చి మా కొట్టంల దించుర్రి. ఎనక దిక్కు నవాబుదే, నువ్వు తీస్కపో."