మూడో గడిలో బనీను

బనీను పెద్దాయన వేలు నాలికకి అద్దుకుని కాగితం తిప్పాడు.

మందుల షాపామె మొహం చిట్లించింది.

ఆదివారం పొద్దున. రాయడం ఎలాగో, రాసింది అచ్చు వేయించుకోవడం ఎలాగో నేర్పే ఆన్‌లైన్ క్లాసు. తెరమీద ఇరవై గళ్ళు, గడికో మొహం. పై వరసలో మూడో గడి ఆయనది. చిల్లుల బనీను, మాసిన గడ్డం. ఎవరు మాట్లాడినా తలెత్తడు. కాగితాలు తిప్పుకుంటూనే ఉంటాడు. మధ్యమధ్యలో పెన్ను మూత చెవిలో పెట్టి కెలుక్కోవడం ఒకటి.

"ఛీ, మనిషా ఇతను?" అంది, పక్కన పేపరు చదువుకుంటున్న మొగుడితో.

"పాఠం చెప్పేవాణ్ణి చూడు. అతన్నెందుకు చూడ్డం?"

"చూడకపోతే కనిపించకుండా పోతాడా?"

అందరూ కెమెరా తెరిచే ఉండాలన్నది పాఠం చెప్పే రచయిత పెట్టిన రూలు. పేరున్న రచయితే. వెనక బీరువా నిండా షీల్డులు. గంటన్నర క్లాసులో గంటా పాతిక నిమిషాలు సొంత డబ్బా. ఏ సభలో ఎంత పొడుగు దండ వేశారో, ఎవరెవరు కాళ్ళకి మొక్కారో. మిగిలిన అయిదు నిమిషాల్లో, "సందేహాలుంటే వచ్చే వారం."

అయినా ఆమె ఒక్క క్లాసూ మానలేదు. నవల కోసం.

ఏడేళ్ళపాటు, షాపులో గిరాకీ లేనప్పుడల్లా రాసుకున్న నవల. పన్నెండు అధ్యాయాలు. ఒక ప్రచురణకర్త చూస్తానన్నాడు. నెలాఖరులోగా పంపితేనే చూస్తాడు, దాటితే మళ్ళీ అడగొద్దన్నాడు.

ఆదివారం ఒక అధ్యాయం పంపితే, మంగళవారానికల్లా రచయిత మెయిలు నుంచి తిరిగొచ్చేది, ఎర్ర సిరాతో దిద్దిన కాగితాల ఫొటోలుగా.

"మొదటి మూడు పేజీలు తీసేయండి. మీ కథ నాలుగో పేజీలో పుట్టింది."

"ఆమె ఏడ్చిందని మీరు రాయకండి. ఆమె చేత గిన్నెలు తోమించండి, మేం ఏడుస్తాం."

"మందుల షాపు పేరా చదువుతుంటే వాసన తగిలింది. మీకు తెలిసిన చోటు ఇది. ఇక్కణ్ణించే రాయండి, భయపడకండి."

ఆ చివరిది కౌంటరు వెనక నిలబడి చదివి, ఆమె కళ్ళు తుడుచుకుంది. ఏడేళ్ళలో ఆమె రాతని అంత ఓపికగా చదివినవాళ్ళు లేరు. ఇంట్లోవాళ్ళ సంగతి సరేసరి.

తొమ్మిది అధ్యాయాలు అలా ఒడ్డెక్కాయి. ఇక మూడే.

ఆ ఆదివారం తొమ్మిదో అధ్యాయంలోంచి ఒక పేజీ క్లాసులో చదివి వినిపించింది. రచయిత ఫోను చూసుకుంటూ "అద్భుతం" అన్నాడు.

బనీను పెద్దాయన మొదటిసారి తలెత్తాడు.

"అమ్మా, ఆ పిల్ల ఇల్లు వదిలి వెళ్ళిపోతుందా?"

గొంతులో కఫం. బనీను మీద ఎప్పటిదో టీ మరక. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"పుస్తకం వచ్చాక కొనుక్కుని చదవండి. ముందు ఆ కెమెరా ఆపండి, చూడలేక చస్తున్నాం."

"క్షమించమ్మా," అని ఆయన ఎక్కడ నొక్కాలో వెతుక్కున్నాడు. దొరకలేదు. వంగి వంగి చూస్తుంటే గడి నిండా ఆయన ముక్కే.

అందరూ పగలబడి నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది రచయితే.

ఆ మధ్యాహ్నమే ఆమె ఉత్తరం రాసింది. క్లాసు వ్యవహారాలన్నీ చూసే రచయిత బావమరిదికి.

'మూడో గడిలో మనిషిని చూస్తుంటే అసహ్యంగా, రోతగా ఉంది. ఆయన ఉంటే మేం ఉండం.'

మరో ఆరుగురి చేత కూడా ఊఁ అనిపించి పంపింది.

"పాపం, అంత దూరం ఎందుకే?" అన్నాడు మొగుడు.

"మీకేం, మీరు చూడరుగా."

తర్వాతి ఆదివారం మూడో గడిలో ఇంకెవరో ఉన్నారు. హమ్మయ్య, పీడ విరగడైందనుకుంది.

పదో అధ్యాయం పంపింది. మంగళవారం తిరిగొచ్చింది. ఎర్ర సిరా లేదు. చివర బొటనవేలి బొమ్మ, కింద 'సూపర్ మేడమ్'.

పదకొండోది పంపింది. మళ్ళీ అదే బొటనవేలు.

అందులో ఆ పిల్ల మూడు పేజీలు ఏకధాటిగా ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. రాసినామెకే చదువుతుంటే విసుగొచ్చింది, ఎక్కడ కొట్టేయాలో మాత్రం తెలియలేదు.

నెలాఖరు నాలుగు రోజుల్లో పడింది. బావమరిదికి ఫోను చేసింది.

"సారు ఈమధ్య దిద్ది పంపడం లేదేంటండీ? డబ్బు కట్టించుకుని ఈ బొటనవేళ్ళేంటి?"

"ఏం చేయమంటారు మేడమ్? మీ నవలే కాదు, మా బావగారి కొత్త నవల కూడా సగంలో చతికిలబడింది."

"ఆయనకేమొచ్చింది? ఆయనది ఆయన రాసుకోవచ్చుగా?"

అవతల తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత గొంతు బాగా తగ్గించి చెప్పాడు.

"మీ ఇద్దరికీ దిద్దేది ఆ బనీను పెద్దాయనే మేడమ్; మీ ఉత్తరం చేతికిస్తే నిదానంగా చదివి, 'అసహ్యం అన్నాక మళ్ళీ రోత ఎందుకు' అని ఆ ఒక్క మాట కొట్టేసి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు."