మూడు ఫైళ్లు, ఒక మోకాలు

“ఇంతకీ నొప్పి ఏ మోకాలికి మామ్మగారూ?” పెన్ను మూత తీస్తూ అడిగింది సూపర్‌వైజరు.

“ఎడమ,” అంది నర్సు.

“కుడి,” అన్నాడు కసరత్తులు చేయించే ఫిజియో.

ఇద్దరి మాటలూ ఒకేసారి పడ్డాయి. ఆ పక్కన కూర్చున్న ఆయా తెల్లబోయి ఇద్దరి కేసీ చూసింది. ఆవిడతో మామ్మ చెప్పింది మోకాళ్ల సంగతి కాదు, కళ్లు తిరుగుతున్నాయని. మామ్మకు నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది.

ఇన్నాళ్లూ ఈ చిక్కు లేదు. నర్సు ఆరోగ్య కేంద్రం మనిషి, సోమవారం వస్తుంది. ఫిజియో పెద్దాసుపత్రి నుంచి బుధవారం వస్తాడు. స్నానానికి సాయం చేసే ఆయా సంక్షేమ ఆఫీసు తరఫున శుక్రవారం వస్తుంది. మూడు ఆఫీసులు, మూడు ఫైళ్లు. ఒకరికి చెప్పింది ఇంకొకరి చెవిన పడే దారే లేదు. ఇప్పుడు ఆ మూడు ఆఫీసులనూ కలిపి ఒకటి చేశారట. పొద్దున్నే చేతికొచ్చిన ఫైళ్ల కట్ట పట్టుకుని, అట్టల మీది పేర్లు చూసి ముగ్గురినీ పిలిపించి, మామ్మ ఇంట్లోనే ఒక వరుసలో కూర్చోబెట్టింది ఈ సూపర్‌వైజరు.

“ఇకనుంచి మీకీ తిప్పలుండవు. చెప్పిందే ముగ్గురికి చెప్పక్కర్లేదు. ఒక్క ఫైలు, ఒక్క మనిషి, నెలకొక్కసారి. అదీ అవసరం ఉంటేనే.”

మామ్మ గుండెలో రాయి పడింది. తిప్పలట! సోమవారం బీపీ చూడటం రెండు నిమిషాలు, నర్సు తన అత్తగారి మీద చెప్పే చాడీలు గంట. బుధవారం కసరత్తు పది నిమిషాలు, ఆ తర్వాత చదరంగం రెండాటలు. ఫిజియో ఇంతవరకు గెలిచిన పాపాన పోలేదు. శుక్రవారం ఆయా పేపరు ముందేసుకుని కూడబలుక్కుంటూ చదువుతుంది. పోయిన వారం ఒక హెడ్డింగు మొత్తం తప్పు లేకుండా చదివి, తనే నమ్మలేక మళ్లీ చదివింది. మధ్యలో మంగళ, గురువారాలు ఎలాగో దొర్లిపోతాయి, రేపు ఎవరో ఒకరు వస్తారు కదా అని.

“మొదట ఎడమేనమ్మా,” అంది మామ్మ జాగ్రత్తగా. “తర్వాత కుడికి పాకింది.”

“పాకడానికి అదేమన్నా పామా మామ్మగారూ?”

ఇంకో రోజైతే ఫిజియో పగలబడి నవ్వేవాడు. ఇవాళ చేతి గడియారం కేసి చూసుకున్నాడు. ముగ్గురూ తేలు కుట్టిన దొంగల్లా ఉన్నారు. నర్సు సంచీ తాడు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. ఆయా తన కాలి వేళ్ల కేసి చూసుకుంటోంది. నా అబద్ధాలకు వీళ్లకు మాట వచ్చేలా ఉందే అనుకుంది మామ్మ.

“సరే, లేచి ఆ కిటికీ దాకా నడవండి, చూద్దాం.”

మామ్మ లేచింది. వెళ్లేటప్పుడు ఎడమ కాలు కుంటింది. తిరిగొచ్చేటప్పుడు కుడి కాలు కుంటింది. కుర్చీ దగ్గరకొచ్చాక గాని ఆ సంగతి ఆవిడకే తట్టలేదు. సూపర్‌వైజరు పెదవి కొరుక్కుంది.

మామ్మ కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

“రాసుకో తల్లీ. నాకు ఏ మోకాలూ నొప్పి లేదు. కళ్లూ తిరగడం లేదు. దుక్కలా ఉన్నాను. బాగున్నానంటే వీళ్లు రావడం మానేస్తారని తలా ఒక అబద్ధం చెప్పాను. తప్పు నాది. వీళ్లనేమీ అనకు. నేను చెప్పిందల్లా నమ్మి, డ్యూటీ కదా అని ఎండనక వాననక వచ్చారు.”

“ఊరుకో మామ్మా,” అంది నర్సు.

“నువ్వూరుకోవే. నీ ఉద్యోగానికేమన్నా అయితే మీ అత్త నిన్ను బతకనిస్తుందా?”

సూపర్‌వైజరు ఫైళ్ల కట్ట విప్పింది. చివరిసారి ఎవరు ఏ రోజు వచ్చారో కొత్త ఫైలులోకి ఎక్కించాలి. మొదటి ఫైలు తెరిచి ఆఖరి పేజీ చూసింది. తలెత్తి నర్సును చూసింది. నర్సు గోడ కేసి తిరిగింది. రెండో ఫైలు తెరిచింది. ఫిజియో దగ్గాడు. మూడోది తెరిచాక చాలాసేపు ఆ పేజీ మీదే ఉండిపోయింది. ఆయా కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మామ్మ ఇక ఉండబట్టలేకపోయింది. “అయితే వీళ్లని రావద్దంటావా అమ్మా?”

“అనడానికి నా చేతుల్లో ఏముంది మామ్మగారూ?” సూపర్‌వైజరు పెన్నుకు మూత పెట్టేసి, మూడు ఫైళ్లనూ మామ్మ వైపు తిప్పింది. “మీకు పూర్తిగా నయమైందని రాసి ఈ మూడూ నిరుడే మూసేశారు. వీళ్లలో ఒక్కరికీ ఇక్కడ డ్యూటీ లేదు.”