కుట్టు విప్పకూడని పుస్తకం

ముసలాయన పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ఒక్కసారి పేజీలు జారవిడిచి, పెదవి విరిచాడు.

"బాబూ, ఇందులో ఫారాలు, అదే కుట్టిన మడతలు, తారుమారయ్యాయి."

బైండరు చేతిలో జిగురు కుంచె ఆగిపోయింది.

ఎక్కడి నుంచి ఊడిపడ్డాడీయన? భుజాన గుడ్డసంచి, వెలిసిపోయిన చొక్కా. "కాస్త కూర్చోవచ్చా?" అంటే పోనీలే పాపమని స్టూలు వేశాడు. అదే తప్పయిపోయింది.

అది మామూలు పుస్తకం కాదు. సంఘం వాళ్ళ మూల పుస్తకం. అట్ట చిరిగితే కొత్త అట్ట వేయొచ్చు గానీ, కుట్టు మాత్రం విప్పకూడదని సంఘం కట్టడి.

లోపల ఉన్నవన్నీ పాటలే. సగం నిలబడి పాడాలి, సగం కూర్చుని పాడాలి. ఇందులో నిలబడి పాడేవి ముందున్నాయి. అవతలి సంఘం పుస్తకంలో కూర్చుని పాడేవి ముందున్నాయి.

ఆ ఒక్క ముక్క మీద ఊరు నిలువునా చీలింది. తలలు పగిలాయి, పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. పాటలు ఆకాశం నుంచి దిగాయన్న మాట ఒక్కటే రెండు సంఘాలూ ఒప్పుకున్నది.

బైండరు నిలబడేవాళ్ళ మనిషి. అతని అన్న కూర్చునేవాళ్ళ మనిషి. అమ్మ పోయిన రోజున, ఏ పాట ముందు పాడాలో తేలక, తెల్లవారుజామున పోయిన ఆవిడని సాయంత్రం దాకా కదపలేదు. వారం తిరక్కుండా అన్నదమ్ముల షాపు మధ్య గోడ లేచింది.

తొమ్మిదేళ్ళయింది. అన్న దగ్గితే గోడ ఇవతల తమ్ముడికి వినిపిస్తుంది. పలకరింపు మాత్రం లేదు.

"నీకేం తెలుసని చెబుతున్నావ్ పెద్దాయనా?"

"కొంచెం తెలుసులే. పదహారు పేజీల మడతకి ఒక్కో నల్ల గీత ఉంటుంది, వీపు మీద. జిగురు గోకి చూడు. మెట్లు దిగినట్టు వరసగా దిగాలి. దీన్లో కింది మెట్లు పైకెక్కాయి."

"నంబర్లు లేవే మరి?"

"అంచులు కోసేటప్పుడు కత్తి లోపలికి పడి అంకెలు తెగిపోయాయి. తొందర పని."

ఆ మాట అంటూ ముసలాయన ఎందుకో తలొంచుకున్నాడు.

"అయితే ఏమంటావ్?"

"కూర్చుని పాడేవే ముందు బాబూ. నిలబడేవి తర్వాత. దీనికోసం కొట్టుకుంటున్నారని విని, చెప్పి పోదామని బస్సెక్కి వచ్చాను."

అప్పుడే సంఘం పెద్ద గుమ్మంలో అడుగుపెట్టాడు. వినకూడని మాట విననే విన్నాడు.

"ఎవరు పంపారయ్యా ఈయన్ని? మీ అన్నేనా?"

అన్న పేరెత్తేసరికి బైండరుకి ఒళ్ళు మండింది. తను ఎవరి మనిషో సంఘం పెద్ద కళ్ళముందే చూపించాలనిపించింది.

"లే! నడు బయటికి!"

"ఒక్కసారి విప్పి చూడు నాయనా. నీకు చేతనైన పనేగా..."

మాట పూర్తి కానివ్వలేదు. చొక్కా పట్టుకుని గడప దాటించి తోశాడు.

ముసలాయన మెట్టు తప్పి, రాతి అంచు మీద వెల్లకిలా పడ్డాడు. లేవలేదు. ఎవరో ఆసుపత్రికి మోసుకెళ్ళారు. సాయంత్రానికి పోయాడని కబురొచ్చింది.

"జారి పడ్డాడండీ," అన్నాడు సంఘం పెద్ద పోలీసులతో.

బైండరు తలూపాడు.

మర్నాడు షాపు తలుపు గడియపెట్టి, పుస్తకం వీపు తడిపి, పాత జిగురు గోకాడు. నల్ల గీతలు బయటపడ్డాయి. ముందు మూడో మెట్టు, నాలుగో మెట్టు. తర్వాత ఒకటి, రెండు.

గోడ అవతల అన్న దగ్గాడు.

'అన్నయ్యా, నీదే నిజం.' ఆ ఒక్క మాట గొంతు దాకా వచ్చింది. అంటే అన్న దక్కుతాడు. కానీ సంఘం వెలేస్తుంది. ముసలాయన్ని తోసిందెవరన్న ప్రశ్న కూడా లేస్తుంది.

ఆ పిరికివాడు చిక్కగా జిగురు కలిపి, నల్ల గీతల మీద మందంగా పూసేశాడు.

మూడో రోజు ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. ఉన్న నాలుగు మెట్లూ ఎక్కేసరికి రొప్పుతోంది.

"మా నాన్నగారు ఇక్కడే పడిపోయారట కదా తమ్ముడూ? ఆయన సంచి ఉందేమోనని..."

తమ్ముడూ అని అతన్ని పిలిచినవాళ్ళు తొమ్మిదేళ్ళుగా లేరు. బైండరు తలెత్తకుండానే సంచి అందించాడు.

"పడ్డాక మంచినీళ్ళు అడిగారా?"

అతను జిగురు గిన్నె అవతలికి జరిపాడు.

"నువ్వే ఇచ్చి ఉంటావులే," అని తనే సర్దిచెప్పుకుంది. "నీ చేతి చలవ ఊరికే పోదు తమ్ముడూ."

వెళ్ళబోతూ బల్ల మీది పుస్తకం చూసి ఆగింది. చేత్తో నిమిరింది. ఆ పుస్తకాన్ని అలా ముట్టుకోకూడదని చెప్పే ధైర్యం బైండరుకి లేకపోయింది.

"మీ నాన్నగారు ఏం చేసేవారమ్మా?"

"అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవారు. మిగిలిపోయిన కాగితం మీద ఈ పాటలు తనే అచ్చు వేసుకుని, తనే కుట్టుకున్నారు. ఓ పాతిక పుస్తకాలు. ఇల్లు మారినప్పుడు ఎవరి పాలయ్యాయో!"

"ఆయనకి ఈ పాటలు ఎవరిచ్చారు?"

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఎవరివ్వాలి? పసితనంలో నాకు ఉబ్బసం, రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. ముందు ఒళ్ళో వేసుకుని కూర్చుని పాడేవారు, అప్పటికీ ఊపిరాడకపోతే భుజాన వేసుకుని లేచి నిలబడి పాడేవారు."