నల్ల డబ్బా, తెల్ల డబ్బా

"నడుమల ఆగిపోతది. సూస్తుండు, ఆ నల్ల డబ్బా సరిగ్గ ఇంటర్వ్యూ నడుమల్నే ఆగిపోతది."

శోభ ఈ మాట అనడం పొద్దున్నుంచి ఇది నాలుగోసారి. ఇంటర్వ్యూకు ఇంకా రెండు గంటల టైముంది. మధ్యాహ్నం ఒకటిన్నరకు హైదరాబాదు కంపెనీవాళ్లు కంప్యూటర్లోనే చూసి, మాట్లాడి, ఉద్యోగం సంగతి తేలుస్తారట. కూతురు సంతోషికి ఇది మూడోది. మొదటి రెండూ చేజారాయి. హాస్టల్లో నెట్ సరిగా రాదని రాత్రి బస్సుకే గోదావరిఖని వచ్చేసింది.

క్వార్టర్ ముందు గదిలో, శోభ కుట్టుమిషన్ పక్కన, రెండు కంప్యూటర్లున్నాయి. తెల్ల డబ్బా పన్నెండేళ్లది. జాకెట్లు కుట్టించుకునేవాళ్లకు శోభ అందులోనే నెట్లోంచి డిజైన్లు చూపిస్తుంది. నల్ల డబ్బాను మొన్న వినాయక చవితికి సంతోషి పోరుపెట్టి కొనిపించింది. తల్లి తికమకపడకూడదని రెండింటి తెర మీదా మేడారం జాతరలో ముగ్గురూ దిగిన ఫోటోనే పెట్టి వెళ్లింది.

షాక్ కొడుతుందేమోనని శోభ దసరా దాకా కొత్తదాని జోలికే పోలేదు. పూజయ్యాక, బొట్టు పెట్టిన ధైర్యంతో, మొదటిసారి మీట నొక్కింది. అది తెరుచుకునేలోపు బియ్యం కడిగి పొయ్యి మీద పడేసి రావచ్చు. తెరుచుకున్నాకైనా కుదురుందా? బొమ్మ అడిగితే గిర్రున తిరుగుతూ కూర్చుంటుంది. రెండుసార్లు జాకెట్ కోసం వచ్చిన గిరాకీ ముందే బిగుసుకుపోయింది.

తెల్ల డబ్బాకేమో పూజ తర్వాత ప్రాణం లేచొచ్చింది. అట్లా నొక్కితే ఇట్లా తెరుచుకుంటోంది. తెర అడుగున ఎడమ మూలకుండే గుర్తులు కూడా నడిమధ్యకు వచ్చి కూర్చున్నాయి. అంతా అమ్మవారి దయ అనుకుంది శోభ.

"ఏమయ్యా, నువ్వన్న చెప్పు. ఏది నమ్మాలె?"

భర్త సదానందం పేపర్లో పేజీ తిప్పాడు.

గనిలో ఫిట్టర్ అతను. అక్కడ దసరాకు మోటార్లు, పంపులు విప్పి, తుడిచి, మళ్లీ బిగించిగాని బొట్టు పెట్టరు. ఇంట్లో మిక్సీకైనా, ఫ్యానుకైనా అతనిది అదే పద్ధతి. పక్కింటి స్కూటర్ దగ్గినా బయటికొచ్చి రోగం చెప్పే మనిషి. కంప్యూటర్ల మాటొస్తే మాత్రం దసరా నుంచీ నోరు విప్పడం లేదు.

"అమ్మా, పాతది పాతదే," అంది సంతోషి. "డబ్బాను నడిపించే సిస్టం అంత లోపల డిస్కుల ఉంటది. తెల్లదాంట్ల ఉన్నదాన్ని చేసినోళ్లే ఇడిసిపెట్టిన్రు. అది ఎప్పుడు ఆగి పంటదో ఎవలకెర్క?"

"పండేది నీ నల్లదే. తెల్లదాన్ని నొక్కి సూడు, తెలుస్తది."

సంతోషి నొక్కింది. మేడారం ఫోటో టక్కున వచ్చింది. ఆమె తెరకేసి చూసింది. తర్వాత నల్లదాన్నీ నొక్కి, అది తిరిగే తిరుగుడు చూసింది. ఆ తర్వాత తండ్రికేసి చూసింది. సదానందం పేపర్ని ఇంకాస్త పైకెత్తాడు.

"సరే అమ్మా. నువ్వు చెప్పినట్టే తెల్లదాని దగ్గర్నే కూసుంట."

ఏ మాటా ఒక్కసారికి వినని పిల్ల ఇట్లా ఒప్పుకోవడంతో శోభకు కొత్త భయం పట్టుకుంది. తన మాట విని కొంప మునిగితే? ఫ్రిజ్ ఆపింది. మిక్సీ ప్లగ్గు పీకింది. తలుపు దగ్గరగా వేసి, గడప అవతల పీట వేసుకుని కూర్చుంది.

రెండింటికి ఓపెన్‌కాస్టులో బొగ్గు కోసం బ్లాస్టింగ్ జరిగింది. కిటికీలు దడదడలాడాయి, వంటింట్లో గిన్నెలు గణగణమన్నాయి. శోభ కళ్లు గట్టిగా మూసుకుంది. అయిపోయింది, పోయింది బిడ్డ ఉద్యోగం. కాసేపటికి తలుపు సందులోంచి చూస్తే సంతోషి నవ్వుతూ మాట్లాడుతూనే ఉంది. తెల్ల డబ్బా చలించలేదు.

రెండున్నరకు తలుపు తెరుచుకుంది.

"ఒకటో తారీఖు జాయిన్ కమ్మన్నరు."

శోభ కూతురి నోట్లో చక్కెర పోసింది, తెల్ల డబ్బాను కొంగుతో తుడిచింది. ఆ ఊపులోనే కొత్తదాన్ని అమ్మిన షాపు మొగిలికి ఫోన్ కొట్టింది. అరగంటలో అతను స్కూటర్ మీద వచ్చాడు.

"మొగిలీ, నీ నల్ల డబ్బా వాపస్ పట్టుకపో. మా ముసలిదాని కాలిగోటికి సరిపోదు."

"అక్కా, అది కొత్త మాల్. ఆగే ముచ్చటే లేదు."

"అంటే నేను అబద్ధం చెప్తున్ననా? నువ్వే నొక్కు."

మొగిలి నొక్కాడు. తెర గిర్రున తిరిగింది. తిరుగుతూనే ఉంది. మొగిలి మొహం చిన్నబోయింది.

"ఇదేందో విప్పి సూడాలె," అంటూ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు.

సంతోషి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని వంటింట్లోకి నడిచింది.

"సూడు, నీ మాల్ సూసి నా బిడ్డ గూడ నవ్వవట్టె," అంది శోభ. మొగుడి వైపు తిరిగింది. "ఏందయ్యా, ఇప్పుడన్న నోరు ఇప్పు. రెండిట్ల ఏది మంచిది?"

మొదటి మర ఊడింది. రెండోది ఊడింది. మూడోదానికి సదానందం పేపరు మెల్లగా కిందికి దిగింది. నాలుగోదానికి అతను గొంతు సవరించుకున్నాడు.

"దసరాకు దుమ్ము దులుపుదామని రెండు డబ్బాలు ఒక్కపారే ఇప్పిన శోభా, మళ్ల బిగించేటప్పుడు తెల్లదాని డిస్కు నల్లదాంట్ల, నల్లదాని డిస్కు తెల్లదాంట్ల పెట్టిన."