పెద్దల్లుడు ఎవరు?

పాపకు ఏడాది నిండేలోపల పుట్టువెంట్రుకలు తీయించాలి. తప్పితే మూడేళ్లు వచ్చేదాకా ఆగాల్సిందే. ఇంకొక్క వారమే గడువు. విభూది పూసే నాయనమ్మ భీమమ్మ శ్రీశైలం అంటుంది. నామం పెట్టే అమ్మ తరఫు తాత ఓబులేసు అహోబిలం అంటాడు. తీర్పు చెప్పమని నన్ను పిలిచారు.

"ఎందుకప్పా కొట్లాట? మల్లన్నా చెంచుల అల్లుడే, నరసింహసామీ చెంచుల అల్లుడే. తోడల్లుళ్లు! యాడ తీయించినా ఒక ఇంటికే పోతాది," అన్నాను.

ఇద్దరూ మెత్తబడ్డారు. భీమమ్మ వియ్యంకుడికి మజ్జిగ కూడా ఇచ్చింది.

నా నోరు ఊరుకోదు కదా. "మర్యాద మాత్రం పెద్దల్లుడికే ముందు జరగాల," అన్నాను.

"మా మల్లన్నే పెద్దల్లుడు!" అంది భీమమ్మ.

"పెండ్లికి నువ్వు పోయి చూసినావా వదినా? మా సామిదే ముందు!" అని లేచాడు ఓబులేసు. మజ్జిగ తాగకుండానే బస్సెక్కాడు.

నేను బయటికొస్తే, వాకిట్లో పాప ఉంగరాల జుట్టుకు నూనె రాస్తోంది వాళ్లమ్మ. నన్ను చూసి గొంతు తగ్గించింది.

"నేను చెప్పినట్టే గొడవ పెట్టినావు చిన్నాయనా. ఇంగ రెండేండ్లు ఈ జుట్టు ఏ దేవునిదీ కాదు, నా బిడ్డదే."